మూడో ప్రశ్నను కంప్యూటరు ఎందుకు వద్దన్నది?

విద్యార్థులారా! పాఠం అయిపోయాక మాస్టారు "సందేహాలేమైనా ఉన్నాయా?" అని అడుగుతారు. అప్పుడు మీలో ఎందరు చెయ్యెత్తుతారు? పాతికేళ్ళకు పైగా సైన్సు చెబుతున్న అనుభవంతో అంటున్నాను, నలభై మందిలో ముగ్గురు, మహా అయితే నలుగురు. మిగిలినవారికి సందేహాలు లేక కాదు. పక్కవాడు నవ్వుతాడేమోనని, మాస్టారు విసుక్కుంటారేమోనని ఊరుకుంటారు.

అందుకని ఒక ఏడు తరగతి గదిలో అట్టపెట్టె పెట్టాను. పేరు వ్రాయకుండా చీటీ మీద ప్రశ్న వ్రాసి అందులో వేయమన్నాను. వారం రోజులు బాగానే నడిచింది. ఆ తరువాత చీటీలు పడటం మానేశాయి. కారణం ఒక పిల్లవాడు చెప్పాడు: "చేతివ్రాత చూస్తే ఎవరో తెలిసిపోతుంది కదా సార్!" నిజమే. నలభై మంది చేతివ్రాతలు నాకు కంఠతా వచ్చు.

కంప్యూటరు అక్షరాలకు చేతివ్రాత ఉండదు. మీట నొక్కితే ఎవరు నొక్కినా 'అ' ఒకేలా పడుతుంది. ప్రతి పాఠం కింద పిల్లలు తమ ప్రశ్నలు వ్రాసి, ఒకరి ప్రశ్నకు ఇంకొకరు జవాబు వ్రాసే ఏర్పాటు కంప్యూటరులో చేస్తే ఎలా ఉంటుంది? పాణ్యం ప్రాంతంలో నేను పనిచేసే బడిలోని కంప్యూటర్ల గదిలో ఆ పని చేసి చూశాం. తొమ్మిదో తరగతి పిల్లలు ఆరుగురు నాకు సాయం. యంత్రానికి చేతివ్రాత ఉండదన్న నా నమ్మకం ఎంతవరకు నిలిచిందో ముందు ముందు చూస్తారు.

ఎవరి కట్ట మీద కూర్చుందాం?

ఇటువంటి ఏర్పాట్లు ఇంటర్నెట్టులో ఉచితంగా దొరుకుతాయి కదా, మీరెందుకు శ్రమపడ్డారని అడుగుతారేమో. మన రాయలసీమ ఊళ్ళలో రచ్చకట్ట ఉంటుంది. వేపచెట్టు కింద ఊరందరూ కూర్చుని మాట్లాడుకునే చోటు. అది ఊరిది. దానికి బదులు ఒక షావుకారు తన ఇంటి అరుగు ఇచ్చి, "ఇక్కడ కూర్చోండి, డబ్బక్కర్లేదు" అన్నాడనుకోండి. సుఖంగానే ఉంటుంది. కానీ తలుపు వెనుక నిలబడి ఎవరేం మాట్లాడారో ఆయన వ్రాసుకోవచ్చు. ఒక రోజున అరుగు తీసేసి గోడ కట్టుకోవచ్చు.

రెండూ నిజంగా జరిగినవే. మీ అన్నలూ అక్కలూ 'ఆర్కుట్' అనే పేరు చెబుతారు. లక్షల మంది భారతీయులు అందులో కబుర్లు వ్రాసుకున్నారు. 2014 సెప్టెంబరు 30న దాన్ని మూసివేశారు. ఇక రచనల కింద పాఠకులు తమ మాట వ్రాసే ఏర్పాటును ఉచితంగా ఇచ్చే 'డిస్కస్' అనే కంపెనీ ఒకటి ఉన్నది. నార్వే దేశంలో పత్రికలు చదివేవారి సమాచారాన్ని అది వారి సమ్మతి లేకుండా సేకరించి వ్యాపార ప్రకటనల కోసం ఇతరులకు అందించిందంటూ, 2.5 కోట్ల క్రోనర్ల జరిమానా వేయదలచినట్లు 2021 మేలో ఆ దేశపు సమాచార రక్షణ సంస్థ ప్రకటించింది. క్రోనరు నార్వే నాణెం.

అందువల్ల మన కట్ట మనమే కట్టుకుందామని నిశ్చయించుకున్నాం. దీనికి కావలసింది ఒక 'సర్వరు'. పేరు చూసి బెదరకండి. అడిగినవారికి అడిగింది వడ్డించే కంప్యూటరే సర్వరు. అంతకన్న గొప్పతనమేమీ లేదు. మా గదిలో పదకొండు కంప్యూటర్లు తీగలతో ఒకదానికొకటి కలిపి ఉన్నాయి. వాటిలో అన్నిటికన్న ముసలిదాన్ని, ఎవరూ దగ్గరికి పోనిదాన్ని, ఈ పనికి ఎంచుకున్నాం.

గోడకు మేకు కొట్టినంత తేలిక కాదు

ముందుగా దానిలో లినక్స్ వేశాం. 1991లో ఫిన్లాండులోని హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్, 21 ఏళ్ళ వయసులో, దీన్ని మొదలుపెట్టాడు. దాని మూలరచనను ఎవరైనా చదవవచ్చు, మార్చవచ్చు, పంచవచ్చు. లినక్స్‌ను ఇతర ప్రోగ్రాములతో కూర్చి వాడకానికి వీలుగా అందించే బృందాలు అనేకం. 1993లో మొదలైన డెబియన్ వాటిలో ఒకటి. హైదరాబాదులోని 'స్వేచ్ఛ' సంస్థ తెలుగులో కనిపించే లినక్స్‌ను తయారుచేసింది కూడా ఈ డెబియన్ ఆధారంగానే. మేమూ డెబియన్‌నే వాడాం. పాత యంత్రం మీద హాయిగా నడుస్తుంది.

ప్రశ్నలను పుచ్చుకుని దాచే ప్రోగ్రాము పేరు 'ఇస్సో'. జర్మనీకి చెందిన మార్టిన్ జిమ్మర్మన్ దీన్ని ప్రారంభించాడు. "లేదంటే అరుస్తా!" అనే అర్థం వచ్చే జర్మన్ మాటలను కుదించి ఆ పేరు పెట్టారు. ఈ సంగతి చెప్పగానే పిల్లలకు ఆ ప్రోగ్రాము మీద ఎక్కడలేని ప్రేమ పుట్టింది. ఇది పైథాన్ అనే కంప్యూటరు భాషలో వ్రాసింది.

ఫోను ద్వారా ఇంటర్నెట్టు అందించి ఇస్సోను తెప్పించబోయాం. డెబియన్ ఒప్పుకోలేదు! "ఈ పైథాన్ నా సొంత పనులకు వాడుకుంటున్నాను, దీనిలో మీ సామాను కలపవద్దు" అన్న ధోరణిలో ఒక సందేశం వచ్చింది. పిల్లలు నా మొహం చూశారు. నాకూ తెలియదు. చదవగా తేలిందేమిటంటే, 2023లో వచ్చిన 12వ డెబియన్ నుంచి ఈ కట్టుబాటు పెట్టారు. ఇంట్లో ఉప్పుడబ్బాలో పొరుగువారు తమ ఉప్పు తెచ్చి కలిపితే, వంట చెడినప్పుడు ఎవరి ఉప్పు వల్ల చెడిందో తేలదు కదా! మరేం చేయాలి? మన సామానుకు ప్రత్యేకంగా ఒక డబ్బా చేసుకోవాలి. దీన్ని 'వర్చువల్ ఎన్విరాన్‌మెంటు' అంటారు. ఒకే ఒక్క ఆజ్ఞతో డబ్బా తయారైంది. అందులోకి ఇస్సో, దానికి తోడు కావలసిన చిన్న ప్రోగ్రాములు వాటంతటవే దిగాయి.

తరువాత ఇస్సో కోసం ఒక ప్రత్యేక వాడకందారుని సృష్టించాం. అంటే కంప్యూటరు దృష్టిలో ఒక మనిషి అన్నమాట. ఈ మనిషి మీట ముందు కూర్చోలేడు, ఇతరుల ఫైళ్ళు తెరవలేడు, తన ప్రశ్నల ఫైలులో మాత్రం వ్రాయగలడు. ఎందుకీ తతంగం? ఇస్సోలో ఏదైనా లోపం ఉండి దుండగుడెవడైనా దూరినా, ఆ ఒక్క గది దాటి పోలేకుండా. లినక్స్‌లో సర్వాధికారి పేరు 'రూట్'. ఆయనకు ఏ తలుపూ అడ్డం కాదు. తెలియనివాళ్ళు అన్ని పనులూ రూట్ పేరనే కానిస్తారు. అది కొట్టు తాళాల గుత్తి మొత్తం కూలివాడి చేతికిచ్చి బియ్యం బస్తా తెమ్మన్నట్లు ఉంటుంది.

ఇక తలుపుల సంగతి. ఒక కంప్యూటరుకు 65,535 తలుపులు ఉంటాయంటే నమ్ముతారా? వీటిని పోర్టులంటారు. కంటికి కనపడవు, ఉత్త సంఖ్యలే. పేజీలు అడిగేవారు మామూలుగా 80వ తలుపు తడతారు. అక్కడ 'ఇంజిన్‌ఎక్స్' అనే ప్రోగ్రామును కాపలా ఉంచాం. ఇస్సోను లోపల 8080వ తలుపు దగ్గర కూర్చోబెట్టాం. పాఠం కావాలంటే ఇంజిన్‌ఎక్స్ తానే ఇస్తుంది. ప్రశ్న వస్తే మాత్రం లోపలికి పంపి, అది ఏ కంప్యూటరు నుంచి వచ్చిందో ఆ చిరునామా కూడా ఇస్సోకు చెబుతుంది. మా గదిలో చిరునామాలు 192.168.1.10 మొదలు 192.168.1.20 వరకు. మొదటి మూడు అంకెలు అందరికీ ఒకటే. చివరిదే వేరు. ఈ మాట గుర్తుంచుకోండి.

మూడో ప్రశ్న

అంతా అయ్యాక ఒక శనివారం ఎనిమిదో తరగతి వాళ్ళను గదిలోకి పిలిచాను. రాళ్ళను గురించిన పాఠం తెరిపించాను. మొదటి ప్రశ్న పడింది. రెండోది పడింది. అందరం చప్పట్లు కొట్టాం. మూడో ప్రశ్నను యంత్రం వద్దన్నది! పక్క కంప్యూటరు నుంచి వేయమన్నాను. వద్దన్నది. ఆ పక్కదాని నుంచి వేసినా వద్దన్నది. అంతా చెడిందనుకుని నేను తీగలు లాగి చూస్తుండగా, మూడో ప్రశ్న దానంతటదే పడినట్లు ఒక అబ్బాయి కేక వేశాడు. వాడు ఊరికే బొత్తాం నొక్కుతూ కూర్చున్నాడట. హమ్మయ్య అనుకుంటే నాలుగో ప్రశ్న మొరాయించింది. ఈసారి అయిదు నిమిషాలు ఆగినా, పది నిమిషాలు ఆగినా లాభం లేకపోయింది. కానీ వేరే పాఠం తెరిచి వేస్తే పడింది!

ఇక్కడ కాసేపు చదవటం ఆపి, కారణం మీరే ఊహించండి. ఇంతవరకు చెప్పినదానిలోనే ఆధారాలన్నీ ఉన్నాయి.

ఇంకొక ఆధారం వెనుక బెంచీ అమ్మాయి ఒకతె పట్టుకుంది. ఇస్సో ప్రతి ప్రశ్న పక్కన రంగు గళ్ళతో ఒక చిన్న బొమ్మ వేస్తుంది. వ్రాసిన మనిషిని బట్టి బొమ్మ మారాలి. "సార్, ముగ్గురు వ్రాశారు కదా, ముగ్గురికీ ఒకే బొమ్మ ఎందుకొచ్చింది?" అన్నది. ఆ మాటతో ముడి సగం వీడింది. ముగ్గురూ ఒకే మనిషి అని యంత్రం అనుకుంటున్నది!

ఎందుకనుకుంటున్నది? బ్రౌజరులో ఎఫ్12 మీట నొక్కితే సర్వరు తిప్పి పంపిన జవాబు కనిపిస్తుంది. అందులో 403 అనే సంఖ్య ఉన్నది, అంటే 'అనుమతి లేదు' అని. దాని పక్కన పరిమితి మించిందన్న కారణం, ఒక చిరునామా ఉన్నాయి. ఆ చిరునామా 192.168.1.0. మా గదిలో అటువంటి కంప్యూటరే లేదు!

అప్పుడు అర్థమైంది. వ్రాసినవారు ఎవరో బయటపడకూడదని, ఇస్సో ప్రతి చిరునామాలోనూ చివరి అంకెను చెరిపి సున్నా పెడుతుంది. 192.168.1.14 అయినా, 192.168.1.17 అయినా దాని పుస్తకంలో 192.168.1.0 గానే పడుతుంది. బయటి ప్రపంచంలో ఇది మంచి ఉపాయమే. మా గదిలో మాత్రం అందరికీ తేడా ఉన్నది ఆ చివరి అంకెలోనే కదా! దాన్ని చెరిపితే పదకొండు కంప్యూటర్లూ ఒక్కటైపోయాయి. పైగా చెత్త వ్రాసేవారిని ఆపడానికి ఇస్సోలో రెండు కాపలాలు ఉన్నాయి. ఒక చిరునామా నుంచి నిమిషానికి రెండు ప్రశ్నలే. ఒక పేజీలో ఒక చిరునామా నుంచి మొత్తం మూడే. మొదటి కాపలా నిమిషం గడిస్తే వదులుతుంది, అందుకే మూడోది ఆలస్యంగా పడింది. రెండోదానికి కాలంతో పని లేదు, అందుకే నాలుగోది ఎంతసేపటికీ పడలేదు.

మందు చాలా చిన్నది. అమరికల ఫైలులో 2 బదులు 60, 3 బదులు 500 అని వ్రాసి ఇస్సోను మళ్ళీ నడిపించాం. రెండు అంకెలు మార్చడానికి రెండు గంటలు పట్టింది. ఆ రెండు గంటలూ దండుగ అని నేననుకోవటం లేదు. పరికల్పన, పరిశీలన అని పుస్తకంలో ఏళ్ళ తరబడి చెప్పాను కానీ, పిల్లలు అవి చేస్తుండగా పక్కన కూర్చుని చూసే అవకాశం ఎప్పుడో గాని రాదు.

యంత్రం చేతివ్రాత

ప్రశ్నలు రాసాగాయి. అట్టపెట్టె నాటికన్న ఎక్కువగానే వచ్చాయి. పాణ్యం చుట్టుపక్కల నాపరాయి తెలియనివారు ఉండరు. బేతంచెర్ల వైపు గనులు, కోత మిషన్లు మీరూ చూసే ఉంటారు. ఒకనాడు పేరు లేకుండా ఇలా ఒక ప్రశ్న వచ్చింది: రాళ్ళు కోసే చోట పనిచేసేవారికి దగ్గు తగ్గదు, ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లో ఏం చేస్తుంది?

ఎంత మంచి ప్రశ్న! మన ముక్కు, గొంతు పెద్ద రేణువులను ఆపగలవు. మిల్లీమీటరులో నూరో వంతుకన్న సన్నని రేణువులు ఇంకా లోపలికి పోతాయి. మరీ సన్నవి గాలితిత్తుల దాకా చేరతాయి. రాతిలో స్ఫటికం, అంటే సిలికా, పాలు ఎక్కువైన కొద్దీ హాని ఎక్కువ. నాపరాయి సున్నపురాయి జాతిది కాబట్టి చాలావరకు కాల్షియం కార్బొనేటే, అయినా అందులో కొంత సిలికా ఉంటుంది. కోసేటప్పుడు నీళ్ళు పోస్తే దుమ్ము లేవకుండా చాలావరకు అణుగుతుంది. ఈ జవాబు నేను వ్రాశాను. దాని కింద నలుగురు తమ ఇళ్ళలోని సంగతులు వ్రాశారు.

కొద్ది రోజులకు తెలిసిన పెద్దమనిషి ఒకరు మాటల మధ్య, "ఆ ప్రశ్న వ్రాసిన పిల్ల ఎవరండీ?" అని అడిగారు. ఆసక్తి కొద్దీ అడిగారో, మరెందుకు అడిగారో! "యంత్రం పేర్లు దాచదండీ" అని ధీమాగా చెప్పాను. ఇంటికి వచ్చాక అనుమానం పట్టుకుంది. ఇస్సో చివరి అంకె చెరుపుతుంది, సరే. కానీ ముందు వాకిట్లో కాపలా ఉన్న ఇంజిన్‌ఎక్స్ మాటేమిటి?

మర్నాడు చూద్దును కదా, వాకిట్లో కూర్చుని అది ఒక చిట్టా వ్రాస్తున్నది! ఫలానా తేదీ, ఫలానా గంట, నిమిషం, సెకను. ఫలానా చిరునామా నుంచి ప్రశ్న వచ్చింది. చివరి అంకెతో సహా పూర్తి చిరునామా. ఏ సమయంలో ఏ కంప్యూటరు ముందు ఎవరు కూర్చున్నారో హాజరు పట్టీలో నా చేత్తోనే వ్రాసి ఉంది. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే చాలు. యంత్రానికీ ఒక చేతివ్రాత ఉన్నది, విద్యార్థులారా. నేనే దాన్ని దాచి ఉంచాను, తెలియక. ఆ అబద్ధం నేను పిల్లలకు కూడా చెప్పినట్లే కదా.

ఆ చిట్టాలో ఆ రోజు వరుసను నేను చదవలేదు. చదవకుండా చెరపడానికి మనసును కొంత బిగబట్టవలసి వచ్చిందని కూడా ఒప్పుకుంటున్నాను. ఇంజిన్‌ఎక్స్ అమరికల్లో చిట్టా వ్రాయవద్దని ఒక వాక్యం చేర్చాను. పాత చిట్టా చెరిపాను. అది చాలదు సుమా! డెబియన్ ఏ రోజు చిట్టాను ఆ రోజు మడిచి రెండు వారాల పాటు పక్కన దాస్తుంది. ఆ మడతలనూ వెతికి తీసివేశాను. మరి ఇస్సో పుస్తకంలో ప్రశ్న పడిన సమయం అలాగే ఉంటుంది, దాన్ని తీయలేం. అందుకని హాజరు పట్టీలో కంప్యూటరు సంఖ్య వ్రాయటం మానేశాను. సోమవారం నాడు తరగతిలో జరిగిందంతా చెప్పాను. "అయితే సార్, ఇప్పుడు మీరు మళ్ళీ చిట్టా మొదలుపెడితే మాకెలా తెలుస్తుంది?" అని ఒకడు అడిగాడు. తెలియదు. రూట్ తాళం నా దగ్గర ఉన్నంత కాలం వాళ్ళకు తెలియదు. చివరకు అమరికల ఫైలును అందరూ చదవటానికి వీలుగా, ఎవరూ మార్చటానికి వీల్లేకుండా అనుమతులు పెట్టాం. వారానికొకరు దాన్ని తెరిచి చూస్తారు. పూర్తి పరిష్కారం కాదు. ఇంతకన్న మంచిది మీకు తోస్తే ఆలోచించి చూడండి.

కరెంటు పోయిన రోజు

మాకు ఉత్తరాన గని, శకునాల గ్రామాల దగ్గర 1000 మెగావాట్ల సౌర విద్యుత్ పార్కు 2017లో పూర్తయింది. అయినా మా గదిలో కరెంటు పోనే పోతుంది. ఒక పిల్లవాడు 'పంపు' అన్న బొత్తాం నొక్కిన క్షణంలోనే పోయింది. పుస్తకం మొత్తం పాడైందనే అనుకున్నాం. కరెంటు వచ్చాక చూస్తే ఆ ఒక్క ప్రశ్న తప్ప అన్నీ భద్రం. ఇస్సో ప్రశ్నలను దాచేది 'ఎస్‌క్యూలైట్' అనే పద్ధతిలో. అమెరికా నౌకాదళపు యుద్ధనౌకల పని మీద ఉండగా రిచర్డ్ హిప్ 2000లో దీన్ని రూపొందించాడు. ప్రశ్నలన్నీ ఒకే ఒక్క ఫైలులో ఉంటాయి. ఏ పుట మార్చినా ముందు పాత పుట నకలు వేరే చీటీ మీద తీసుకుని, ఆ తరువాతే కొత్తది వ్రాస్తుంది. నడుమ కరెంటు పోతే, మళ్ళీ లేచాక చీటీ చూసి పాత పుటను యథాస్థానంలో పెట్టేస్తుంది. సగం వ్రాసిన పుట ఎన్నటికీ మిగలదు.

అయితే డిస్కే చెడితే చీటీ కూడా దానితోనే పోతుంది. అందువల్ల ప్రతి శనివారం పెన్‌డ్రైవులోకి నకలు తీస్తాం. ఎంత చోటు కావాలనుకుంటున్నారు? తెలుగులో ఒక్కొక్క సంకేతానికి 3 బైట్లు. 'ప్రశ్న' అనే మాటలో ప, పొల్లు, ర, శ, పొల్లు, న అని 6 సంకేతాలు, అంటే 18 బైట్లు. ఒక ప్రశ్నకు 150 సంకేతాలనుకుంటే 450 బైట్లు. పదివేల ప్రశ్నలు వచ్చినా 45 లక్షల బైట్లే. ఫోనుతో తీసిన రెండు ఫోటోలంత! మొదటి నెల నకలు తీశామే గాని, దాన్ని తిరిగి తెరిచి చూడలేదు. తెరిచి చూస్తే రెండు వారాల నకళ్ళు ఖాళీగా ఉన్నాయి. పెన్‌డ్రైవు పెట్టి, నకలు పూర్తి కాకముందే లాగేశాం. ఇప్పుడు నకలు తీసినవారే దాన్ని ఇంకొక కంప్యూటరులో తెరిచి, చివరి ప్రశ్న పైకి చదవాలి.

అన్నట్లు, ఆ మొదటి శనివారం యంత్రం వద్దన్న మూడో ప్రశ్న ఏమిటో చెప్పలేదు కదూ? నాపరాయి పొరలు పొరలుగానే ఎందుకు ఊడుతుంది, గుండ్రంగా ఎందుకు పగలదు అని. లోతు తక్కువ సముద్రం అడుగున సన్నని మడ్డి చాప మీద చాపగా పేరుకుని రాయి అయింది కనుక, ఆ చాపల నడుమనే విడివడుతుంది. యాభై కోట్ల ఏళ్ళకు పైబడిన మాట అది. పాణ్యంలో సముద్రం ఉండేదంటే నమ్మనని దాని కింద ఎవరో వ్రాశారు. దానికి ఇంతవరకు పదిహేడు జవాబులు వచ్చాయి, తగవు ఇంకా తెగలేదు.